ఇటలీ రైలు టికెట్లు: ఏవి ముందే కొనాలి, ఏవి స్టేషన్‌కెళ్లి కొనాలి

ఇటలీ ప్రయాణం ఖాయం కాగానే మనవాళ్లకు పట్టుకునే మొదటి కంగారు రైలు టికెట్లది. అందులో తప్పేం లేదు. 60 రోజుల ముందు పొద్దున్న 8 గంటలకు ఫోన్ పట్టుకుని కూర్చున్నా, సంక్రాంతికి సికింద్రాబాద్ నుంచి విశాఖ వెళ్లే రైళ్లలో వెయిటింగ్ లిస్టే చేతికొస్తుంది. ఆ అలవాటుతో కొందరు ఇటలీలో ఎక్కబోయే ప్రతి రైలుకూ ఇంట్లోంచే టికెట్లు కొనేస్తారు. ఇంకొందరు "యూరప్‌లో గంటగంటకీ రైలుంటుంది, అక్కడికెళ్లి చూసుకుందాం" అనుకుని ఏదీ కొనకుండా విమానం ఎక్కుతారు. ఇద్దరికీ చేతి డబ్బు వదులుతుంది. మొదటివాళ్లకు వాడుకోలేని టికెట్ల మీద, రెండోవాళ్లకు అదే సీటును రెండు మూడు రెట్లు పెట్టి కొనడంలో.

ముందుగా కొనాలా వద్దా అన్న ప్రశ్నకు ఇటలీ మొత్తానికి ఒకటే జవాబు లేదు. మీరు ఎక్కబోయేది ఏ రకం రైలు, ఆ రైలుకు ముందు మీ ప్రయాణంలో ఏముంది అన్న రెండు సంగతులే దాన్ని తేలుస్తాయి.

ధర మారే రైళ్లు, మారని రైళ్లు

ధర మారేవాటిలో పెద్దవి హైస్పీడ్ రైళ్లు. ప్రభుత్వ సంస్థ ట్రెనిటాలియా నడిపే ఫ్రెచ్చారోస్సా, 2012 నుంచి నడుస్తున్న ప్రైవేటు సంస్థ ఇటాలో. రెండూ రోమ్, ఫ్లోరెన్స్, బొలోన్యా, మిలాన్, వెనిస్, నేపుల్స్ మధ్య గంటకు 300 కిలోమీటర్ల దాకా వేగంతో పోటాపోటీగా తిరుగుతాయి. ట్రెనిటాలియావే ఇంటర్‌సిటీ రైళ్లు ఇంకాస్త నెమ్మది, ఇంకాస్త చవక. వీటన్నిటిలో సీటు నంబరు తప్పనిసరి, ధర మాత్రం విమానం టికెట్‌లాగా పెరుగుతూ పోతుంది. మన రాజధాని, శతాబ్ది రైళ్లలో సీట్లు నిండేకొద్దీ ఛార్జీ పెరిగే పద్ధతి తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కు కొన్ని వారాల ముందు కొంటే 20 నుంచి 30 యూరోల మధ్య దొరికే సీటు, ఎక్కే రోజున 50 దాటుతుంది. మిలాన్ నుంచి రోమ్‌కైతే తేడా ఇంకా పెద్దది.

ధర మారనివి రీజనల్ రైళ్లు. వీటిని మన ప్యాసింజర్, జనరల్ టికెట్ లెక్కలో చూడండి. దూరాన్ని బట్టి ఒకటే రేటు, సీటు నంబరు ఉండదు, మూడు నెలల ముందు కొన్నా మూడు నిమిషాల ముందు కొన్నా అదే ధర. టికెట్లు అయిపోవడమనే మాటే లేదు, సీటు లేకపోతే నిలబడి వెళ్తారు. "రెజొనాలె వెలోచె" అని కనిపిస్తే అది అదే ధరకు తక్కువ చోట్ల ఆగే రైలు. మిలాన్ ఉన్న లంబార్డీ ప్రాంతంలో వీటిని ట్రెనార్డ్ అనే సంస్థ నడుపుతుంది.

కాబట్టి మొదటి పని, మీరు వెళ్లే దారిలో ఈ రెంటిలో ఏది సరిపోతుందో చూసుకోవడం.

రోమ్–ఫ్లోరెన్స్: హైస్పీడ్‌లో గంటన్నర, రీజనల్‌లో మూడున్నర గంటల పైమాటే. రోమ్–నేపుల్స్: హైస్పీడ్‌లో గంటా పది నిమిషాలు. ఫ్లోరెన్స్–వెనిస్: రెండు గంటల పైచిలుకు. మిలాన్–రోమ్: దాదాపు మూడు గంటలు. ఇవన్నీ ముందే కొనాల్సినవి. బొలోన్యా–ఫ్లోరెన్స్ కూడా అంతే. కొండల కింద సొరంగాల్లోంచి హైస్పీడ్ రైలు 40 నిమిషాల్లోపే దాటేస్తుంది, రీజనల్‌లో వెళ్తే సాధారణంగా ప్రాతోలో దిగి మారాలి.

ఫ్లోరెన్స్–పిసా, వెనిస్–పాడోవా, రోమ్–ఒర్వియేతో, మిలాన్–కోమో, మిలాన్–వరెన్నా: ఇవి రీజనల్ దారులు. ముందే కొనడం వల్ల ఒక్క యూరో కూడా మిగలదు. వెరోనా–వెనిస్ మధ్య హైస్పీడ్ రైలుకు గంటా పది నిమిషాలు, రెజొనాలె వెలోచెకు గంటన్నర. ఆ 20 నిమిషాల కోసం రెట్టింపు పెట్టడం మా దృష్టిలో దండగే.

నేపుల్స్ నుంచి పాంపేయికి వెళ్లే దారి వేరు. శిథిలాల గుమ్మం ముందు దింపేది సిర్కుమ్‌వెసువియానా అనే లోకల్ రైలు, దాన్ని ఈఏవీ అనే సంస్థ నడుపుతుంది. దిగాల్సిన స్టేషన్ "పాంపేయి స్కావి విల్లా దేయి మిస్తేరి". దీనికి అప్పటికప్పుడు టికెట్ కొనుక్కోవడమే పద్ధతి.

రాత్రి రైళ్ల సంగతి మాత్రం పూర్తిగా వేరు. రోమ్, మిలాన్‌ల నుంచి సిసిలీకి వెళ్లే ఇంటర్‌సిటీ నొత్తెలో బెర్తులు పరిమితం. విల్లా సాన్ జొవాన్నిలో ఆ రైలును పెట్టెలుగా విడదీసి ఓడలోకి ఎక్కించి మెస్సీనా జలసంధి దాటిస్తారు. ఆ ప్రయాణం కోసమే వచ్చేవాళ్లూ ఉంటారు కాబట్టి వేసవిలో కుటుంబం మొత్తానికి ఒకే క్యాబిన్ కావాలంటే బుకింగ్ తెరిచిన వారాల్లోనే తీసుకోవాలి.

చవక టికెట్‌లో ఏముంది, ఏం లేదు

ట్రెనిటాలియా పేజీలో ఒకే రైలుకు మూడు ధరలు కనిపిస్తాయి: బేస్, ఎకానమీ, సూపర్ ఎకానమీ. ఇక్కడ ఒక నిమిషం ఆగి చదవాలి, ఎందుకంటే డబ్బు పోయేది ఎక్కువగా ఈ మెట్టు దగ్గరే.

బేస్ ధర ఎక్కువ. రైలు బయలుదేరే లోపు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, బయలుదేరిన తర్వాత కూడా గంటలోపు ఒకసారి మార్చుకోవచ్చు, ప్రయాణం మానుకుంటే 20 శాతం కోసుకుని మిగతాది తిరిగిస్తారు. ఎకానమీని రైలు కదలకముందు ఒక్కసారి, ధరలో తేడా కట్టి మార్చుకోవచ్చు. మానుకుంటే డబ్బు రాదు. సూపర్ ఎకానమీని మార్చుకోలేరు, రద్దు చేసుకుని డబ్బూ తీసుకోలేరు. రైలు తప్పిపోతే అది ఉత్త కాగితమే. ఇటాలోలో ఇవే మెట్లు ఫ్లెక్స్, ఎకానమీ, లో కాస్ట్ పేర్లతో ఉంటాయి. వాటి కోతలు కొంచెం వేరు, కొనే పేజీలోనే ధర పక్కన షరతులు రాసి ఉంటాయి, డబ్బు కట్టే ముందు అక్కడ నొక్కి చదవండి.

రెండు కంపెనీల్నీ పక్కపక్కన పెట్టి చూడకుండా ఎప్పుడూ కొనకండి. ఒకే గంటలో బయలుదేరే రెండు రైళ్ల మధ్య 15 యూరోల తేడా మామూలే. అలాగే స్టాండర్డ్ అనే మామూలు తరగతి వరుసనే చూసి ఊరుకోకండి. స్టాండర్డ్‌లో సూపర్ ఎకానమీ అయిపోయి ఎకానమీ మాత్రమే మిగిలిన రోజున, పక్కనున్న ప్రీమియం అనే పై తరగతి వరుసలో సూపర్ ఎకానమీ ఇంకా మిగిలి ఉండి అంతకన్నా తక్కువకే దొరకొచ్చు.

శుక్రవారం, ఆదివారం సాయంత్రాలు, రోజూ ఉద్యోగులు తిరిగే పొద్దుటి వేళలు ఖరీదు. మంగళ, బుధవారాల్లో మధ్యాహ్నం 11 నుంచి 3 మధ్య రైళ్లలో చవక సీట్లు ఎక్కువ రోజులు నిలుస్తాయి. హోటల్ ఖాళీ చేసి, దిగిన ఊళ్లో గది చేతికొచ్చే వేళకు చేరాలన్నా ఆ సమయమే అనువు.

పిల్లలతో వెళ్లేవాళ్లు ఒక మాట గుర్తుంచుకోవాలి. "బింబి గ్రాతిస్" అనే ఆఫర్‌లో 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ ఉచితం, వెంట ఉన్న పెద్దవాళ్లు బేస్ ధర కట్టాలి. ఇద్దరు పెద్దలు ఒక పిల్లాడితో వెళ్తుంటే ముగ్గురికీ సూపర్ ఎకానమీయే తక్కువ పడొచ్చు. ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే, లేదా ప్రయాణం దగ్గరపడి చవక సీట్లు అయిపోతే, ఈ ఆఫర్ గెలుస్తుంది. రెండు లెక్కలూ వేసి చూడండి. మిలాన్, టోరినో, పాడోవాల్లో చదువుకుంటున్న మన పిల్లలు 30 ఏళ్లలోపు వాళ్లకిచ్చే తగ్గింపుల్ని వదులుకోకూడదు. వాటికి ముందుగా ఉచిత సభ్యత్వం తీసుకోవాలి.

వీసా చేతికి రాకముందు కొనొద్దు

ఇది మనలా వీసా కావాల్సినవాళ్లకే ఉన్న చిక్కు. అమెరికా నుంచో ఇంగ్లండ్ నుంచో వచ్చేవాళ్లకు రాసిన సలహాల్లో ఇది కనిపించదు. షెంగెన్ వీసా నిర్ణయానికి మామూలుగా 15 రోజులంటారు, అది 45 రోజుల దాకా సాగొచ్చు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు కాబట్టి, ముందు ఆ పని చేయాలి. వీసా రాకముందే సూపర్ ఎకానమీ టికెట్లు నాలుగు కొన్నారనుకోండి, వీసా ఆలస్యమైనా, తిరస్కరించినా, ఆ డబ్బు మీది కాదు. తప్పనిసరిగా ముందే కొనాలనిపిస్తే బేస్ కొనండి, 80 శాతమైనా చేతికొస్తుంది.

వీసా ముద్ర పడ్డ పాస్‌పోర్టు ప్రయాణానికి ఐదారు వారాల ముందు చేతికొచ్చినా ఏమీ నష్టం లేదు. మామూలు రోజుల్లో మూడు నుంచి ఆరు వారాల ముందు కొంటే మంచి ధరలే దొరుకుతాయి. ఈస్టర్ వారం, ఏప్రిల్ 25 నుంచి మే 1 మధ్య రోజులు, జూన్ 2, ఆగస్టు 15 చుట్టూ వచ్చే ఫెర్రగోస్తో సెలవులు, డిసెంబరు 8, క్రిస్మస్ వారం: ఈ రోజుల్లో ఇటాలియన్లే రైళ్లు నింపేస్తారు. అప్పుడు రెండు నెలల ముందే చూసుకోండి.

ఇంకో సంగతి. చాలా ముందుగా వెతికితే రైళ్లే లేవని చూపించొచ్చు. టికెట్లు అయిపోయాయని భయపడొద్దు. ఏటా డిసెంబరు రెండో ఆదివారం, మళ్లీ జూన్‌లో టైంటేబుల్ మారుతుంది. కొత్త టైంటేబుల్ ఎక్కించేదాకా ఆ తేదీల రైళ్లు కనిపించవు.

ఒక ప్రయాణాన్ని తీసుకుని చూద్దాం

హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా రోమ్ చేరే దంపతులు, వాళ్ల అమ్మానాన్న, మొత్తం నలుగురు. రోమ్ మూడు రోజులు, ఫ్లోరెన్స్ మూడు, వెనిస్ రెండు, మిలాన్ నుంచి తిరుగు విమానం.

ఫ్యుమిచీనో విమానాశ్రయం నుంచి రోమ్ ప్రధాన స్టేషన్ తెర్మినీకి లియోనార్దో ఎక్స్‌ప్రెస్ రైల్లో 32 నిమిషాలు, మనిషికి 14 యూరోలు, ధర మారదు. ముందే కొనక్కర్లేదు. నలుగురికి 56 యూరోలవుతుంది. పాత నగర గోడల లోపలి హోటల్‌కు నిర్ణీత ధర టాక్సీకీ దాదాపు అంతే. పెద్దవాళ్లు, నాలుగు సూట్‌కేసులు ఉన్నప్పుడు టాక్సీయే మేలు. హోటల్ ట్రస్తేవెరె వైపు ఉంటే ఎఫ్‌ఎల్1 లోకల్ రైలు 8 యూరోలు, అది తెర్మినీకి వెళ్లదు.

దిగిన రోజే నేరుగా ఫ్లోరెన్స్ వెళ్లిపోవాలనుకునేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు. విమానం గంట ఆలస్యం, ఇమ్మిగ్రేషన్ వరుస గంట, సామాను అరగంట, ఊళ్లోకి రైలు అరగంట. రెండు గంటల తేడాతో సూపర్ ఎకానమీ కొన్నవాళ్లు తెర్మినీలో నిలబడి రోజు ధరకు మళ్లీ కొంటారు. విమానం దిగాక ఎక్కే రైలుకు చవక టికెట్ వద్దే వద్దు. బేస్ కొనండి, లేదా దిగి బయటికొచ్చాక ఫోన్‌లోనే కొనుక్కోండి. ఫ్యుమిచీనో నుంచే నేరుగా ఫ్లోరెన్స్, బొలోన్యా వైపు వెళ్లే ఫ్రెచ్చారోస్సాలు రోజూ కొన్ని ఉంటాయి, వేళ కుదిరితే తెర్మినీ దాకా సామాను మోయడం తప్పుతుంది.

రోమ్ నుంచి ఫ్లోరెన్స్: తేదీ తేలింది, ముందు రాత్రి హోటల్‌లోనే ఉంటారు, రైలు తప్పే కారణం మీ చేతిలోనే ఉంది. సూపర్ ఎకానమీకి సరిగ్గా సరిపోయే ప్రయాణం ఇదే. 11 గంటల ప్రాంతంలో తీసుకోండి. ఫ్లోరెన్స్ నుంచి వెనిస్ కూడా ఇంతే.

ఫ్లోరెన్స్ నుంచి పిసా వెళ్లొచ్చే రోజు: ముందే ఏమీ కొనొద్దు. పొద్దున్న లేచి ఆకాశం చూసి బయల్దేరండి.

వెనిస్ నుంచి మిలాన్: దాదాపు రెండున్నర గంటలు. విమానానికి ముందు రోజే వెళ్తుంటే సూపర్ ఎకానమీ. విమానం ఎక్కే రోజునే అయితే ఎకానమీ కన్నా కిందికి దిగొద్దు, నాలుగైదు గంటల ఖాళీ ఉంచుకోండి. మిలానో చెంత్రాలె స్టేషన్ నుంచి మాల్పెన్సా విమానాశ్రయం చేరడానికే దాదాపు గంట.

కొనేటప్పుడు ఊళ్ల పేర్లు ఇటాలియన్‌లో కొట్టాలి: రోమా, ఫిరెంజె, వెనెత్సియా, మిలానో, నాపోలి. స్టేషన్ పేరు మరీ ముఖ్యం. వెనిస్‌లో కాలువల మధ్య దింపేది "శాంతా లూచియా", "మెస్త్రె" అంటే వంతెనకు ఇవతల, నేల మీదున్న ఊరు. ఫ్లోరెన్స్‌లో "శాంతా మరియా నొవెల్లా", రోమ్‌లో "తెర్మినీ". రోమ్ "తిబుర్తీనా" నుంచి టికెట్ తీసుకుని తెర్మినీలో ఎదురుచూసేవాళ్లకు రైలు దొరకదు. "నాపోలి అఫ్రగోలా" నేపుల్స్ నగరం బయట ఉంది, మీకు కావాల్సింది "నాపోలి చెంత్రాలె".

డబ్బు కట్టే దగ్గర మన కార్డులు ఆగిపోవడం మామూలే. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్ చేసి, పరిమితి పెంచుకుని మొదలుపెట్టండి. ఓటీపీ వచ్చే సిమ్ ఫోన్‌లోనే ఉండాలి, ఇటలీ వెళ్లాక కూడా. ఒక కార్డు రెండుసార్లు ఆగితే మూడోసారి ప్రయత్నించకుండా వేరే వీసా లేదా మాస్టర్‌కార్డు వాడండి. అదీ కుదరకపోతే మధ్యవర్తి యాప్‌లున్నాయి. వాళ్లు కొద్దిగా రుసుము తీసుకుంటారు, మార్పులూ వాపసులూ వాళ్ల ద్వారానే జరగాలి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి.

రీజనల్ టికెట్‌తో జరిమానా పడేది ఇక్కడ

అప్పటికప్పుడు కొనేయొచ్చు అన్నాం కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. కొన్న టికెట్‌తోనే జరిమానా కట్టేవాళ్లను ఇటలీలో రోజూ చూడొచ్చు.

మెషిన్ దగ్గరో కౌంటర్ దగ్గరో కొన్న కాగితం టికెట్‌కు రైలెక్కే ముందు స్టాంపు పడాలి. ప్లాట్‌ఫాం మొదట్లో, స్తంభాలకు, గోడలకు చిన్న పెట్టెలు బిగించి ఉంటాయి. టికెట్ ఒక చివరను ఆ సందులోకి దూర్చి, చర్రుమని శబ్దం వచ్చేదాకా నెట్టి పట్టుకోవాలి. బయటికి తీశాక అంచున తేదీ, గంట ముద్రపడ్డాయా లేదా కళ్లతో చూసుకోండి. సిరా వెలిసిపోయి ఏమీ పడకపోతే పక్క పెట్టెకు వెళ్లండి. ఏదీ పనిచేయకపోతే టికెట్ మీద తేదీ, సమయం, స్టేషన్ పేరు పెన్నుతో రాసి, ఎక్కగానే టీసీని మీరే వెతుక్కుని చెప్పండి. ఆయన మీ దగ్గరికి వచ్చేదాకా కూర్చుంటే సాకు చెబుతున్నారనుకుంటాడు. ముద్ర పడ్డ నాలుగు గంటల్లో ప్రయాణం ముగించాలి.

ఫోన్‌లో కొన్న రీజనల్ టికెట్‌కు స్టాంపు ఉండదు, దాని బదులు చెక్-ఇన్ ఉంటుంది. యాప్‌లో గానీ మెయిల్‌లో వచ్చిన లింకులో గానీ, రైలెక్కే ముందే ఆ బటన్ నొక్కాలి. టీసీ కనిపించాక నొక్కితే ఒప్పుకోరు. ప్రయాణం వాయిదా వేయాలంటే, టికెట్ మీదున్న తేదీకి ముందు రోజు రాత్రి 23:59 లోపు తేదీ మార్చుకోవచ్చు. ఇంటర్నెట్ సరిగా అందని చిన్న స్టేషన్లుంటాయి, కాబట్టి లోపలికి అడుగుపెట్టే ముందే చెక్-ఇన్ ముగించండి. హైస్పీడ్, ఇంటర్‌సిటీ టికెట్లకు ఈ రెండూ అక్కర్లేదు, క్యూఆర్ కోడ్ చూపిస్తే చాలు.

టికెట్ మెషిన్ల దగ్గర "సాయం చేస్తాం" అంటూ పక్కన చేరేవాళ్లను దూరంగా పెట్టండి. మెషిన్‌లో ఇంగ్లిష్ ఎంచుకుంటే ఎవరి సాయమూ అక్కర్లేదు. కొన్ని మెషిన్లు కార్డు మాత్రమే తీసుకుంటాయి, అది పైనే చూపిస్తుంది.

పాస్‌లు, సమ్మెలు

యూరప్ దేశాల రైళ్లలో తిరగడానికి ఒకేసారి కొనుక్కునే యూరైల్ పాస్ ఇటలీ ఒక్కదానికే అయితే లెక్క తక్కువగా కలిసొస్తుంది. పాస్ ఉన్నా ఫ్రెచ్చారోస్సాలో సీటు రిజర్వేషన్‌కు విడిగా కట్టాలి, ఇటాలోలో ఆ పాస్ చెల్లదు. నాలుగు ఊళ్ల ప్రయాణానికి విడివిడిగా ముందే కొన్న టికెట్లే దాదాపు ఎప్పుడూ తక్కువ. తేదీలేవీ తేల్చుకోకుండా రెండు మూడు దేశాలు తిరిగేవాళ్లకు మాత్రం పాస్ పనికొస్తుంది. సముద్రం ఒడ్డున ఐదు ఊళ్లున్న చింక్వె తెర్రెలో లా స్పెత్సియా, లెవాంతో మధ్య ఊరూరూ దిగి ఎక్కుతారు కాబట్టి అక్కడి రోజు కార్డు కొనుక్కోండి.

సమ్మెను అక్కడ "షోపెరో" అంటారు. ముందే ప్రకటిస్తారు, తరచూ శుక్రవారాల్లో వస్తుంది. పనిదినాల్లో పొద్దున్న 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య రీజనల్ రైళ్లు నడిపి తీరాలి. దూరప్రయాణ రైళ్లలో ఏవి తప్పక నడుస్తాయో రెండు కంపెనీలూ జాబితా పెడతాయి. ప్రయాణానికి వారం ముందు ఒకసారి, ముందు రోజు ఒకసారి చూసుకోండి. సమ్మె వల్ల రద్దయిన రైలుకు సూపర్ ఎకానమీ అయినా డబ్బు పూర్తిగా వెనక్కివ్వాలి. గంట నుంచి రెండు గంటల్లోపు ఆలస్యమైతే ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం పరిహారం యూరోపియన్ నిబంధనల ప్రకారం మీకు రావాలి. అది అడిగితేనే వస్తుంది, టికెట్ చెరిపేయకండి.

ఫ్రెచ్చారోస్సా నుంచి రీజనల్‌కు మారే ప్రయాణమైతే రెంటినీ ఒకే బుకింగ్‌లో తీసుకోండి. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పితే తర్వాతి రైల్లో పంపించే బాధ్యత వాళ్లదవుతుంది. ఇటాలో ఒకటి, ట్రెనిటాలియా ఒకటి విడిగా కొంటే ఆ బాధ్యత ఎవరిదీ కాదు, మధ్యలో కనీసం గంట ఉంచుకోండి.

స్టేషన్‌లో బోర్డు చూసేటప్పుడు మీ ఊరి పేరు వెతకొద్దు. అక్కడ రైలు చివరి గమ్యం మాత్రమే పెద్దగా ఉంటుంది. రోమ్‌లో ఫ్లోరెన్స్ రైలు "మిలానో చెంత్రాలె" అనో "వెనెత్సియా" అనో కనిపిస్తుంది, ఫ్లోరెన్స్‌లో పిసా రైలు "లివోర్నో" అని ఉంటుంది. టికెట్ మీదున్న రైలు నంబరును బోర్డు మీద నంబరుతో సరిపోల్చండి. "బీనారియో" అంటే ప్లాట్‌ఫాం, అది చాలాసార్లు 10, 15 నిమిషాల ముందే పడుతుంది. "రితార్దో" కింద అంకె ఉంటే అన్ని నిమిషాలు ఆలస్యం. పెద్ద స్టేషన్లలో ప్లాట్‌ఫాంల ముందు గేట్లుంటాయి, తలుపులు కూడా బయలుదేరే సమయానికి ఒకటి రెండు నిమిషాల ముందే మూస్తారు. పెద్దవాళ్లతో ఉన్నప్పుడు 20 నిమిషాల ముందే బోర్డు కింద నిలబడండి.